గాలిమోటరు ఇనాం

మా ఇంటాయనకు ఇద్దరు పెళ్లాలు. ఒకదాన్ని నేను, లక్ష్మీనర్సమ్మను. రెండోది గాలిమోటరు, అదే విమానం. నేను వండి పెట్టేదాన్ని, అది నెత్తి మీదుగా పోయేది. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ చూసుకున్నాడని మా ఊళ్లో ఎవరిని అడిగినా నా పేరు మాత్రం చెప్పరు.

మా ఊరు మహబూబ్‌నగర్ నుంచి ఆలంపూర్ పోయే తొవ్వలో, కొత్తకోట దాటినాక లోపలికి ఉంటుంది. ఊరికి పడమర, గుట్టకూ వాగుకూ నడుమ పెద్ద బీడు. రాళ్లు తక్కువ, చదునైన నేల. మా గొల్లోళ్ల జీవాలు, గొర్రెలూ మేకలూ, తాతల నాటి నుంచీ అక్కడే మేసేవి. నిజాం జమానా చివర్లో హైదరాబాదు నుంచి బెంగుళూరుకు విమానాలు మా మీదుగా తిరగడం మొదలైంది. దారిలో ఇంజను చెడిపోతే దిగడానికి నడుమ ఒక జాగా ఉండాలట. ఆ కంపెనీ సాహెబు జీపులో వచ్చి మా బీడు చూసుకున్నాడు. ఆ పూట జీవాలతో అక్కడున్నది మా ఆయన ఎల్లేశం. బీడంతా తిప్పి చూపించాడు, వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ నెలలో గాలి ఎటు కొడుతుందో చెప్పాడు. సాహెబుకు నచ్చి కాపలా కొలువు ఈయనకే ఇచ్చాడు. పని నేర్పడానికి బేగంపేటకు తీసుకపోయారు. నా మొగుడు అక్కడే పాడైపోయాడు.

పెద్దగా ఏమీ జరగలేదు. నిలబెట్టి ఉన్న డకోటా విమానం ఒకటి ఉంటే, ఒక ఇంజనీరుకు ఈయన మీద ముచ్చటేసి లోపలికి ఎక్కించి కాసేపు కుర్చీలో కూర్చోబెట్టాడు. అది ఎగరనూ లేదు, కదలనూ లేదు. ఆ కాసేపు కూర్చున్నదే మా ఆయన బతుకంతా చెప్పుకున్నాడు. కల్లు దుకాణం దగ్గర, పంచాయితీల దగ్గర, చివరికి చావింట్లో కూడా.

"ఎనక దర్వాజ కాడ ఎక్కాలె," అని మొదలుపెట్టేవాడు. "దాని ముందటి చక్రాలు పెద్దయి, తోక చక్రం చిన్నది. గందుకని నేల మీద ఉన్నప్పుడు ముక్కు మీదికెత్తుకొని ఉంటది. లోపట నడుస్తుంటే గుట్టెక్కినట్లె ఉంటది. అటొక వరుస, ఇటొక వరుస కుర్సీలు. తల ఆనిచ్చేకాడ మల్లెపువ్వసొంటి తెల్ల బట్ట. కిటికీలకు పర్దాలు. లేవబోయే ముందుగాల పళ్లెంల దూది, పిప్పరమెంటు బిళ్లలు తెస్తరు. దూది చెవులల్ల పెట్టుకోవాలె, బిళ్ల చప్పరియ్యాలె. లేకుంటే మీదికి పోంగ చెవులు మూసుకపోతయి."

"నీకిచ్చిర్రా బిళ్ల?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు, ఏడిపించడానికే.

"నేను ఎగరలే గద. ఎగిరెటోల్లకే ఇస్తరు," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు కొంచెం చిన్నబోయేవాడు. మళ్లీ వెంటనే, "పిలుస్తరు. ఒకనాడు నన్ను గూడ పిలిచి ఎక్కిస్తరు," అనేవాడు.

ఏ విమానం ఎటు పోతుందో ఆయనకు తెలుసు. మద్రాసుది నల్లగొండ దిక్కు నుంచి పోతుందని, ఢిల్లీది నాగపూర్‌లో ఆగుతుందని, బెంగుళూరుది మనదని చెప్పేవాడు. మనదట! పైలెట్లకు ఊళ్ల పేర్లు తెలియవని, కృష్ణ వంపూ ఆలంపూర్ గుళ్లూ చూసి తొవ్వ పడతారని, ఆ గుళ్లు కనపడక ముందు కనపడేది మన బీడులో సున్నం వేసిన రాళ్ల గుండ్రమేనని ఛాతీ విరుచుకునేవాడు. తర్వాత కొత్త రకం విమానాలు ఈల వేసినట్టు సద్దు చేస్తూ పోవడం మొదలైతే, మొహం ముడుచుకుని, "గది డకోటా గాదు," అని లోపలికి వచ్చేసేవాడు. సవతి మీద సవతి వచ్చినట్టుంది ఆయనకు.

పని చిన్నదేమీ కాదు. బీడు నడుమ రాళ్లతో పెద్ద గుండ్రం పేర్చి ఏడాదికోసారి సున్నం వేయాలి. గడ్డి పెరగకుండా కోయాలి. కట్టెకు గాలిసంచి కట్టాలి, అది ఎటు ఊగితే గాలి అటు ఉన్నట్టు. కోసిన గడ్డి ఒక పక్క కుప్ప వేసి పెట్టుకోవాలి, విమానం దిగాల్సి వస్తే దానికి నిప్పు పెట్టి పొగ చూపించడానికి. జీవాలను రానివ్వొద్దు. పుట్ట లేస్తే చదును చేయాలి.

ఆ పుట్టల దగ్గరే ఊరు మొదటిసారి ఆయన మీద తిరగబడింది. నాగుల చవితికి ఆడవాళ్లు పాలు పోసే పుట్ట బీడులోనే ఉండేది. ఈయన గడ్డపార తీసుకుపోయి దాన్ని చదును చేసి వచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లు మా వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోశారు. మాకు పిల్లలు నిలవకపోవడం ఆ పాపమేనని తేల్చారు. పుట్ట తవ్వక ముందు పోయిన పిల్లల లెక్క వాళ్లకెందుకు? నేను తలుపు వేసుకుని ఏడ్చాను. ఆయన మాత్రం, "చక్రం గా పుట్టకు తాకితే లోపలున్నోల్లంత సచ్చిపోరా?" అని నన్నే అడిగాడు.

నిజాం పోయాడు. కొన్నేళ్లకు దేశంలోని విమాన కంపెనీలన్నిటినీ కలిపి సర్కారు తీసుకుంది. ఆ కలపడంలో మా బీడు ఎవరి చేతిలోంచి ఎక్కడ జారిపోయిందో గానీ, మా ఆయన జీతం ఆగిపోయింది. ఒకసారి బేగంపేట పోయి వచ్చాడు. పాత సాహెబు లేడు, కొత్తవాళ్లకు మా ఊరు తెలియదు. వచ్చి అన్నం తిని, సున్నం గోళెం నెత్తిన పెట్టుకుని బీడుకు పోయాడు.

ఇదెక్కడి పిచ్చి అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అన్నాను. కానీ ఆయన లెక్క ఆయనకుంది, అది మా ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు తోచే లెక్కే. మా చెరువు తూము విడిచే నీరడికి ఇనాం భూమి ఉంది. ఊరి కబురు మోసే సుంకరికి ఉంది. జీతం భత్యం ఏమీ ఉండదు. తాత కొలువు చేశాడు, తండ్రి చేశాడు, కొడుకు చేస్తున్నాడు, ఆ భూమి తింటున్నాడు. కొలువు విడవకుండా చేసినవాడికి జాగా తానే వస్తుందని మా ఆయన నమ్మకం. కంపెనీ వేరు, ఊరు వేరు అనే సంగతి ఆయన తలకు ఎక్కలేదు. జీతం ఆగిందంటే కోపం రాలేదు సరికదా, ఇనాం దగ్గరపడిందని సంబరపడ్డాడు.

ఆ రోజుల్లోనే ఊళ్లో బీళ్లన్నీ నాగలి కిందికి పోయాయి. ఎవరు దున్నుకుంటే వాళ్లకు పట్టా వస్తుందని మాట పుట్టింది, కొందరికి వచ్చింది కూడా. గుట్ట కింద రాళ్లు రప్పలు కూడా వదలలేదు. మాకు గుంట భూమి లేదు. నాలుగు జీవాలు, ఒక గుడిసె, ఒక సున్నం గోళెం.

నేను ఊరుకునే మనిషిని కాను. మృగశిర వానలు పడగానే మా తమ్ముడు గాలయ్యను ఎడ్లతో రమ్మన్నాను. బీడు చివర వాగు ఒడ్డున, విమానం చక్రం ఎన్నడూ తాకని మూల, రెండెకరాలు దున్నమన్నాను. వాడు అక్క మాట కాదనలేక వచ్చాడు. నాలుగు సాళ్లు పడ్డాయో లేదో మా ఆయన ఎక్కడి నుంచి చూశాడో, ఉరుక్కుంటూ వచ్చి ఎడ్లకు అడ్డం నిలబడి కాడి విప్పేశాడు.

"బావా, గీ మూలకు దున్నుకుంటే గాలిమోటరుకేమైతది?" అన్నాడు గాలయ్య.

"తూము కాడి నీరడి తూము తవ్వుకొని పంట పెట్టుకుంటడా?"

"నీరడికి ఇనాం ఉన్నది బావా. నీకేమున్నది?"

"ఇస్తరు. ముందుగాల కొలువు చెయ్యాలె."

"ఎవ్వడిస్తడు?" అని నేను అరిచాను. "నీ సాహెబు పాయె, నీ కంపెనీ పాయె. నిన్నెవ్వడు ఎరుగును? దున్నుకున్నోనిది జాగా అంటాంది సర్కారు. ఊరంత దున్నుకుంటున్నరు. మనకే నోట్లె మట్టి ఎందుకు?"

"దున్నితే దొంగనైత," అన్నాడు. కాలితోనే ఆ సాళ్లు పూడ్చుకుంటూ పోయాడు. గాలయ్య ఎడ్లను తోలుకుని ఇంటికి పోయాడు. ఊరి నడుమ నుంచి విప్పిన కాడి భుజాన వేసుకుని పోవడం ఎంత సిగ్గో సేద్యం చేసేవాళ్లకు తెలుసు. వాడు మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ రెండెకరాల కోసం నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఆ ఏడుపు తర్వాత ఆయన మీద నాకు ప్రేమ తగ్గింది. ఆ మాట దాచుకోను.

అరవై ఐదులో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడు ఎండాకాలం వచ్చేసరికి ఊళ్లో జీవాలు నిలబడి నిలబడే కూలిపోతున్నాయి. మా ఆయన పొగ కోసం వేసిన గడ్డి కుప్ప మాత్రం బీడులో ఇల్లంత ఎత్తున ఉంది. మా వాడకట్టు యాదయ్య వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. ఆయనకు మంద తప్ప వేరే ఆధారం లేదు.

"అన్నా, గా గడ్డి ఇయ్యి. సగమన్న ఇయ్యి. వానలు పడంగనే కోసి మల్ల కుప్పేస్త."

"గీ నడుమ గాలిమోటరు ఆపదల వస్తే పొగ ఎట్ల పెట్టాలె?"

"ఇన్నేండ్లల్ల వచ్చిందా?"

"రాలే. వస్తె?"

యాదయ్య లేచి పోయాడు. మర్నాడు పొద్దున మందను నేరుగా కుప్ప మీదికే తోలాడు. మా ఆయన వాటిని తరమడానికి రాయి విసిరాడు. ఒక గొర్రె కాలు విరిగింది. న్యాయం చెప్పాలంటే మా జీవాలను కూడా ఆ గడ్డికి పోనివ్వలేదు. అవీ చచ్చాయి. నేను ఆ ఎండాకాలమంతా రోడ్డు పనిలో మట్టి తట్టలు మోశాను. కానీ మా జీవాలు కూడా చచ్చాయన్న న్యాయం ఎవరిక్కావాలి? ఊరు చూసింది కుప్పను, విరిగిన కాలును.

ఇంకా వానలు పడకముందే అది వచ్చింది.

మధ్యాహ్నం ఆయన జొన్న గట్క తింటున్నాడు. తింటున్నవాడల్లా చెయ్యి ఆపి తల పైకెత్తాడు. నాకు ఏ తేడా తెలియలేదు. "డకోటా," అన్నాడు. "ఒక్క ఇంజనే పలుకుతాంది." గట్క తళియ పక్కకు తోసి, పొయ్యిలో కొరివి పట్టుకుని ఉరికాడు. నేను బిందెలో నీళ్లు పట్టుకుని వెనకాలే పోయాను, నిప్పుతో ఏం చేసుకుంటాడో అని.

కుప్ప అంటుకుంది. ఎండిన గడ్డి మీద ఆయన పచ్చి కొమ్మలు వేస్తే పొగ నల్లగా లేచింది. ఆ పొగ చూసి ఊరంతా వచ్చింది. యాదయ్య కూడా వచ్చాడు. తన మంద నోటికి దొరకని గడ్డి మండిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. విమానం గుట్ట మీదుగా ఒక చుట్టు తిరిగి, కిందికి దిగి, మాకు చెవులు చిల్లులు పడేటట్టు సద్దు చేస్తూ నేలకు తాకింది. ఎగిరి, మళ్లీ తాకి, దుమ్ములో కొంత దూరం ఉరికి, సున్నపు గుండ్రం దాటి నిలబడింది. ఒక్క పుట్ట అడ్డం రాలేదు. లోపలున్న వాళ్లంతా బతికారు.

నిజం చెప్తున్నాను, ఆ ఘడియ నేను ఆయన్ను చూసి గర్వపడ్డాను. ఇన్నేళ్ల పిచ్చి పిచ్చి కాదని తేలింది. ఇక ఎవరూ కాదనలేరనుకున్నాను, రెండెకరాలేం ఖర్మ, మొత్తం బీడే రాసిస్తారనుకున్నాను. ఆశ ఎంత తొందరగా తిరిగి వస్తుందో.

ఆయన మాత్రం విమానం వైపు పోలేదు. బేగంపేటలో నేర్పారట, విమానం దిగితే జనాన్ని దూరంగా ఆపాలని, పిలవనిదే ఎవరూ దగ్గరికి పోవద్దని. కట్టెతో నేల మీద పొడుగ్గా గీత గీశాడు. విమానానికి వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి, గీత మీద నిలబడ్డాడు.

"నువ్వన్న పోయి చెప్పుకోవయ్యా, గీ జాగా కాసింది నేనే అని," అన్నాను.

"పిలుస్తరు."

పైలెటు దిగాడు. అప్పటికే ఊరి పెత్తనం చేసే పటేలు కొడుకు అమరేందర్ మోటారు సైకిలు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. హైదరాబాదులో చదివినవాడు, గీత అతనికి కనపడలేదు. నేరుగా పోయి పైలెటుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. పైలెటు చుట్టూ చూపిస్తూ ఏదో అడిగాడు. అమరేందర్ నవ్వుతూ తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంగ్లీషు నాకు రాదు. ఛాతీ మీద చెయ్యి ఏ భాషలోనైనా ఒకటే. తర్వాత ఇటు తిరిగి, "ఎల్లేశా, ఒక్కన్ని గూడ దగ్గరికి రానియ్యకు," అని కేకేశాడు. "సరే దొరా," అన్నాడు మా ఆయన. ఆ పని తాను చేస్తూనే ఉన్నాడు కదా.

అంతలో వెనక దర్వాజాలోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. విమానంలో పనిచేసే పిల్ల. లోపల ఒక పెద్దావిడ స్పృహ తప్పిందని, నీళ్లు కావాలని, ఆడమనిషి ఎవరైనా రమ్మని హిందీలో పిలిచింది. చేతిలో బిందె ఉన్నది నా ఒక్కదానికే. నేను మా ఆయన వైపు చూశాను.

"పో," అన్నాడు. "పిలిచిర్రు గద."

నిచ్చెన వేశారు. నేను ఎక్కాను. ఇన్నేళ్లు చెవులు చిల్లులు పడేలా విన్నదే కదా, అంతా తెలిసినట్టే ఉంటుందనుకున్నాను. నడక మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది. గుట్ట ఎక్కినట్టే, కుర్చీ కుర్చీ పట్టుకుంటూ పోతే బిందె నీళ్లు కాళ్ల మీద ఒలికాయి. మిగతాదేమీ ఆయన చెప్పినట్టు లేదు. తల ఆనించే దగ్గర తెల్ల బట్టలు లేవు, నూనె మరకలున్నాయి. పర్దా ఒకటి దారంతో కట్టి ఉంది. కింద పరిచినది అరిగిపోయి రేకు కనపడుతోంది. లోపలంతా వాంతుల వాసన. ఇదా నా రెండెకరాలు మింగింది అనుకున్నాను.

ముందు కుర్చీలో ఆ పెద్దావిడ వాలిపోయి ఉంది. పక్క కుర్చీలో కూర్చుని ఆమె తల నా భుజాన వేసుకుని మొహం మీద నీళ్లు చల్లాను. ఎప్పటికో కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. అట్లా మా ఆయన కలగన్న కుర్చీలో నేను కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఆయన వీపు కనపడింది. చేతిలో కట్టె, ముందర జనం. ఆ రోజంతా ఆయన విమానాన్ని కళ్లారా చూడనేలేదు.

దిగబోతుంటే ఆ పిల్ల ఇవ్వడానికి ఏమీ దొరక్క, పళ్లెంలో మిగిలిన, కాగితం చుట్టిన పిప్పరమెంటు బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టింది. బిళ్లను కొంగున ముడి వేసుకున్నాను. ఆయనకిద్దామనే.

ప్రయాణికులు బస్సులో పోయారు. విమానం అక్కడే ఉంది. మరునాడు మెకానిక్కులు వచ్చి బాగుచేస్తుంటే, అమరేందర్ పెళ్లాం, అత్త, చుట్టాలు, చుట్టాల పిల్లలు వరసగా ఎక్కి కుర్చీల్లో కూర్చుని దిగారు. మా ఆయన పొద్దున్నే తలపాగ ఉతికి కట్టుకుని గీత మీద నిలబడి ఉన్నాడు. జనం విసుగెత్తి పోయారు. ఆపడానికి ఎవరూ లేకపోయినా ఆయన నిలబడే ఉన్నాడు. రెండు ఇంజన్లూ పలికాయి. విమానం దుమ్ము లేపి ఆయన ఉతికిన తలపాగను ఎర్రగా చేసి లేచిపోయింది. ఎవరూ పిలవలేదు. ఇంటికి వచ్చి తలపాగ విప్పి దులుపుకున్నాడు. లోపల ఎట్లా ఉందని కూడా అడగలేదు. నేను ఎక్కానన్న మంట అది, నాకు అర్థమైంది. అడగనివాడికి నేనూ కొంగు విప్పలేదు.

కొన్నాళ్లకు విమానాల వాళ్లు, తాసిల్దారు కలిసి ఊళ్లోకి వచ్చారు. బడి ముందు కుర్చీలు వేశారు. అమరేందర్ మెడలో దండ వేసి, రేకు విమానం బొమ్మ ఒకటి చేతిలో పెట్టారు. ఇంత మంచి జాగాను సేద్యం చేసుకోకుండా బీడుగా ఉంచినందుకట. అమరేందర్ అక్కడే లేచి, అది తమ తాతల నాటి శివారని, కంపెనీకి అప్పట్లో తామే ఇచ్చామని, ఇక కంపెనీ లేదు గనుక పట్టా ఇప్పించమని అడిగాడు. తాసిల్దారు మంచివాడే. ఊరివాళ్లను అడిగాడు.

"గీ జాగా వీళ్లదేనా? ఎవరికన్న అభ్యంతరమున్నదా?"

నేను లేచాను. "గా జాగా ఇన్నేండ్లు కాసింది మా ఇంటాయన. సున్నమేసింది, గడ్డి కోసింది, పొగ పెట్టింది ఆయనే. ఊరంతటికీ ఎరుకే. అడుగుర్రి సారు."

తాసిల్దారు అడిగాడు. గాలయ్య నేల చూపులు చూశాడు. నా సొంత తమ్ముడు. పుట్టకు పాలు పోసిన ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. పటేలు భయం కొంత ఉంది, లేదనను. కానీ వాళ్ల మొహాల్లో నేను చూసింది భయం కాదు. చివరికి యాదయ్య లేచాడు.

"కాసిండు సారు. అబద్ధమెందుకు. మమ్ముల కట్టె పట్టుకొని తరిమిండు, నా గొర్రె కాలు ఇరగ్గొట్టిండు. పటేలు దిక్కు నుంచే తరుముతాండనుకున్నం మేమందరం."

అది పచ్చి అబద్ధమని యాదయ్యకు తెలుసు, నాకు తెలుసు, ఊరికి తెలుసు. ఒక్క మాటతో మా ఆయన్ను పటేలు జీతగాడిని చేసి కూర్చోబెట్టాడు. మా ఆయన మొదటిసారి నోరు విప్పాడు.

"నేను పటేలు మనిషిని గాదు. గాలిమోటరోల్ల మనిషిని."

విమానాల ఆఫీసరు తాసిల్దారును అడిగి ఆ మాటకు అర్థం తెలుసుకున్నాడు. కోపం చేసుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. మా దగ్గర ఇక్కడ అట్లాంటి కొలువు ఏదీ లేదు, ఎన్నడూ వినలేదు అన్నాడు. మా ఆయన కట్టె గోడకు ఆనించి ఇంటికి నడిచాడు.

బీడు పట్టా అమరేందర్‌కే అయింది. వానలు పడ్డాయి. పటేలు నాగళ్లు బీడులో దిగాయి, ఆముదాలు పెట్టడానికి. దున్నకముందు రాళ్లు ఏరాలి కదా, ఆ కూలికి నేను పోయాను. ఇంట్లో గింజల్లేవు. ఆయన కూడా వచ్చాడు, నేను రమ్మనలేదు. గుండ్రంలోని రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి గట్టు మీద పోశాం. ఏళ్ల తరబడి వేసిన సున్నం పెచ్చులుగా ఊడి మా చేతులన్నీ తెల్లగా అయ్యాయి.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని రొట్టె తింటుంటే పైన బెంగుళూరు విమానం పోయింది. ఆయన తల ఎత్తలేదు. దాని సద్దు సన్నగా అయిపోయినాక, నేల చూస్తూనే అడిగాడు.

"లోపట ఎట్లుండె?"

"గుట్టెక్కినట్లుండె."

"తెల్ల బట్టలు?"

"లేవు. నూనె మరకలున్నయి."

"పర్దాలు?"

"ఒకటి దారంతోని కట్టిర్రు. అంత వాంతుల వాసన."

"ముసల్దయింది గద," అన్నాడు. అప్పుడు కూడా దాని తరఫునే మాట్లాడాడు. చీర మార్చినప్పుడల్లా మళ్లీ వేసుకున్న ఆ కొంగు ముడి విప్పాను. బిళ్ల చెమటకు కరిగి కాగితానికి అంటుకుపోయి ఉంది. దాన్ని తీసి ఆయన తెల్ల అరచేతిలో పెట్టాను.

"ఇగో, నీ ఇనాం," అన్నాను.

ఏమంటాడో అని చూశాను. తిడతాడేమో, విసిరేస్తాడేమో అనుకున్నాను. కాగితం ఊడదీసి, ఊడని ముక్కను అట్లాగే ఉంచి నోట్లో వేసుకున్నాడు. అది కరిగేదాకా కూర్చున్నాం. తర్వాత లేచి మళ్లీ రాళ్లు ఎత్తడానికి పోయాం.